మిద్దె మీద గ్యాస్ బార్బెక్యూ, ఎదురుగా ఉప్పుగాలి

ప్రశ్న: మాది కావలి. డాబా ఇల్లు, పైన మిద్దె ఖాళీగానే ఉంటుంది. సంక్రాంతికి మా బావమరిది కువైట్ నుంచి కుటుంబంతో వస్తున్నాడు. కనుమ రోజు మిద్దె మీద గ్యాస్ బార్బెక్యూ పెట్టి రొయ్యలు, చికెన్ కాల్చాలని పిల్లలు పట్టుబట్టారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక బర్నరు మొదలు ఆరు బర్నర్ల దాకా ఉన్నాయి. "మీరేం కొనొద్దు బావా, నేనే ఇక్కణ్ణుంచి తెస్తా" అంటున్నాడు మావాడు. సిలిండరు పైకి ఎక్కిస్తే తాను మిద్దె ఎక్కనంటోంది మా ఆవిడ. పక్కవీధిలో ఒకాయన కొన్నది ఏడాదికే తుప్పుపట్టి పాత ఇనుప సామాన్ల బండి ఎక్కింది. మన వైపు ఇది కొనడం దండగేనా? కొంటే ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి? గ్యాస్ ఎంత తాగుతుంది?

సమాధానం: మీ పక్కవీధి ఆయన గురించి చదువుతుంటే నా మొదటి బార్బెక్యూ గుర్తొచ్చింది. మా ఇల్లు ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో. సాయంత్రమైతే సముద్రం గాలి తగులుతుంది, దాంతోపాటే ఉప్పూ వస్తుంది. ఆ సంగతి మర్చిపోయి నాలుగు బర్నర్లది, అద్దంలా మెరిసేది, పక్కన ఇంకో చిన్న పొయ్యి కూడా ఉన్నది తెచ్చుకున్నాను. మొదటి నెలంతా ఇంటికి వచ్చినవాళ్లకి మూత ఎత్తి చూపించడమే సరిపోయింది. కార్తీకంలో తుపాను వానలు పడ్డాయి. వెనక స్క్రూల దగ్గర మొదలైన తుప్పు ఉగాదికల్లా బర్నర్ల దాకా పాకింది. ఒకరోజు వెలిగిస్తే మంట ఊచల కింద రావాల్సింది పోయి నాబ్‌ల వైపు వచ్చింది. చల్లారాక ఊడదీసి చూస్తే బర్నరు గొట్టం కింది వైపు పొడుగునా చీలి ఉంది. మూత మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది! నేను డబ్బులు పెట్టింది మూతకి, పెట్టాల్సింది గొట్టానికి.

కాబట్టి దండగ కాదు గానీ, కొనేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే దండగే.

షాపుకి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్లండి. పాత స్పీకరు నుంచి తీసిన ముక్కయినా చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు అని రాసి ఉన్నదానికి అది గట్టిగా అతుక్కుంటే, అది స్టెయిన్‌లెస్‌లో తక్కువ రకమైన 430 గ్రేడో, పైపూత వేసిన మామూలు రేకో అయి ఉంటుంది. మన తీరానికి అది ఆగదు. అతుక్కోకపోతే మనకు కావాల్సిన మంచి రకం, 304 గ్రేడు అనుకోవచ్చా అంటే అదీ లేదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపే 202 రకానికి కూడా అయస్కాంతం అతుక్కోదు, కానీ ఉప్పుగాలికి మచ్చలొస్తాయి. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. తేడా అంతా అక్కడే. అందుకే "బర్నర్లు, ఊచలు ఏ గ్రేడు?" అని అడిగి, చెప్పినదాన్ని బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగితే ఆ షాపులో టీ తాగి వచ్చేయండి. మూత ఏ రంగుదైనా, చక్రాలు ఎన్ని ఉన్నా నేను పట్టించుకోను. మంట పెట్టె పోత అల్యూమినియందైతే ఇంకా మంచిది, దానికి ఎర్ర తుప్పు రాదు. ఎనామిల్ పూత వేసిన రేకు కూడా పర్వాలేదు, పెచ్చు లేవనంతవరకు. పెచ్చు లేచిన చోట లోపలి ఇనుము తినేస్తుంది.

ఎన్ని బర్నర్లు? మీ ఇంటికి రెండు చాలు. ఒక్కటి మాత్రం వద్దు. ఎందుకంటే కోడి తొడ లాంటిది నేరుగా మంట మీద పెడితే పైన మాడుతుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. రెండు ఉంటే ఒక వైపు వెలిగించి, రెండో వైపు ఆర్పి, మాంసం ఆరిన వైపు పెట్టి మూత వేసేయొచ్చు. అప్పుడు అది పొయ్యిలా కాదు, ఓవెన్‌లా పనిచేస్తుంది. మూత లేని బార్బెక్యూ అంటే మన గ్యాస్ పొయ్యి మీద జల్లెడ పెట్టుకోవడమే. నాలుగు బర్నర్లది కొంటే ఇద్దరికి నాలుగు చేప ముక్కలు కాల్చాలన్నా అంత పెట్టె వేడెక్కాలి. నాకు అనుభవమే.

బీటీయూ (బర్నరు గంటకు ఎంత వేడి ఇస్తుందో చెప్పే కొలత) అంకె చూసి మురిసిపోవద్దు. పది వేల బీటీయూ అంటే దాదాపు 2.9 కిలోవాట్లు, అంతే. రెండు బర్నర్లది మొత్తం ఆరు కిలోవాట్లు అనుకుంటే, పూర్తి మంట మీద గంటకు అర కిలో లోపే గ్యాస్ తాగుతుంది. 14.2 కిలోల ఇంటి సిలిండరు ముప్పై గంటల పైచిలుకు, ఐదు కిలోల చిన్నది పది గంటల పైన వస్తుంది. పండగకీ, ఆదివారానికీ వాడే ఇంట్లో చిన్న సిలిండరు నెలల తరబడి వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇక కువైట్ సంగతి. మీ బావమరిది ప్రేమని కాదనను గానీ, అక్కణ్ణుంచి బార్బెక్యూ మోయించకండి. మొదటిది, రేపు బర్నరు పోతే అదే బర్నరు ఇక్కడ దొరకదు. రెండోది, గ్యాస్ పీడనం. మన ఇళ్లలో వాడే రెగ్యులేటరు సుమారు 30 మిల్లీబార్ల పీడనంతో గ్యాస్ వదులుతుంది. బార్బెక్యూ వెనకో, తలుపు లోపలో ఒక చిన్న రేకు ఉంటుంది, ఏ గ్యాస్, ఎంత పీడనం అన్నది దాని మీద కొట్టి ఉంటుంది. 28-30 అని ఉంటే మనకు దగ్గర. 50 అని ఉంటే మన రెగ్యులేటరుకి మంట నీరసంగా వస్తుంది. అలా వచ్చిందని ఎవరో ఒకరు "పెళ్లి వంటలవాళ్ల హై ప్రెషర్ రెగ్యులేటరు తగిలిద్దాం అన్నా" అంటారు. ఆ మాట అన్నవాళ్లని కనుమ రోజు పిలవకండి. ఆ పీడనానికి మీ నాబ్‌లూ, గొట్టమూ చేసినవి కావు. రేకు మీద న్యాచురల్ గ్యాస్ అని ఉంటే అసలు ముట్టుకోవద్దు. పైపు గ్యాస్‌కి చేసిన జెట్ (బర్నరులోకి గ్యాస్ వదిలే చిన్న ముక్కు) రంధ్రం పెద్దది, దానికి సిలిండరు గ్యాస్ ఇస్తే మంట మొహం మీదకి లేస్తుంది. మీవాడిని ఏమైనా తెమ్మనాలి అనిపిస్తే మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు తెమ్మనండి. జేబులో పట్టేస్తుంది.

మీ ఆవిడ మాటకి వస్తాను. ఉత్తరం మొత్తంలో అసలైన ప్రశ్న ఆవిడదే. మిద్దె మీద గ్యాస్ అంటే భయపడాల్సిన విషయం ఒకటుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు. కారితే పైకి ఎగిరిపోదు, నేల మీద నీళ్లలా పాకుతుంది. మన మిద్దెలకి చుట్టూ పిట్టగోడ ఉంటుంది. గాలి స్తంభించిన రోజు కారిన గ్యాస్ ఆ గోడ లోపల అడుగునే నిలుస్తుంది, లేదంటే మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. మెట్ల గదిలో సాధారణంగా ఏముంటాయి? మోటారు స్విచ్చి, ఇన్వర్టరు. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి బార్బెక్యూ, సిలిండరు రెండూ మెట్ల గదికి దూరంగా, వాన నీళ్లు పోయే తూములు తెరిచి ఉన్న చోట పెట్టండి. పైన తాటాకు పందిరి, పక్కన బట్టల దండెం, షామియానా ఏవీ ఉండకూడదు. వాన పడుతోందని వసారాలోకో, గదిలోకో లాగి వెలిగించడం మాత్రం ఎప్పుడూ వద్దు. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోతుంది, దానికి వాసన కూడా ఉండదు.

నిండు 14.2 కిలోల సిలిండరు ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని భుజాన పెట్టుకుని మెట్లెక్కడం ఎందుకు? గ్యాస్ ఏజెన్సీలో ఐదు కిలోలది అడగండి. దానికి ఏ రెగ్యులేటరు కూర్చుంటుందో అక్కడే చూపించుకుని, అక్కడే తీసుకోండి. పెద్ద సిలిండరులోంచి చిన్నదానిలోకి వీధిలో ఎక్కించి ఇచ్చేవాళ్ల జోలికి పోవద్దు. ట్యూబు ఐఎస్ఐ గుర్తున్న సురక్ష ట్యూబే అయి ఉండాలి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది కనుక ఎలుక అంత తేలిగ్గా కొరకలేదు. దాని మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చేయండి. మిద్దె మీద ఎండకి పడి ఉండేదైతే నేను ఐదేళ్లు కూడా ఆగను. సిలిండరు నిలబెట్టే వాడాలి. "గ్యాస్ అయిపోవచ్చింది, కాస్త పడుకోబెడితే ఇంకో పది నిమిషాలు వస్తుంది" అనే తెలివి అస్సలు వద్దు, ద్రవం నేరుగా ట్యూబులోకి వస్తుంది.

వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. మూసి వెలిగిస్తే లోపల నిండిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంటుంది, కనుబొమ్మలు పోతాయి. నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ కట్టేసి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఆర్పేటప్పుడు ముందు సిలిండరు దగ్గర కట్టండి. ట్యూబులో మిగిలిన గ్యాస్ మండిపోయాక నాబ్‌లు కట్టండి.

గాలి గురించి ఒక మాట. బార్బెక్యూ వెనక భాగంలో వేడి పోవడానికి సందు ఉంటుంది. అటునుంచి గాలి కొడితే వేడి ముందుకి, నాబ్‌ల వైపు తన్నుకొస్తుంది. కావలికి సముద్రం తూర్పున కదా. మీ వీపు సముద్రం ఒడ్డునున్న తుమ్మలపెంట వైపు, బార్బెక్యూ వీపు పడమటి వైపు ఉండేలా నిలబెట్టండి. పొగ కూడా మీ మొహాన కొట్టదు.

ఇక చూసుకోవడం. తుప్పు సంగతి అందరూ అడుగుతారు, పురుగు సంగతి ఎవరూ అడగరు. నా రెండో బార్బెక్యూ (ఇప్పుడున్నది, రెండు బర్నర్లదే) ఒక వేసవి రెండు నెలలు ముట్టలేదు. మళ్లీ వెలిగిస్తే కుడి బర్నరు మంట పసుపుపచ్చగా, బద్ధకంగా వచ్చింది. చివరన నాలుగు రంధ్రాలు అసలు వెలగలేదు. కాసేపటికి నాబ్ ముట్టుకుంటే చురుక్కుమంది. కట్టేసి, చల్లారాక బర్నరు బయటికి లాగి, గాలి కలిసే మూతి దగ్గర వేలు పెట్టి చూశాను. గట్టిపడిన మట్టి తగిలింది. కుమ్మరి పురుగు గూడు! స్కూటరు పాత క్లచ్ వైరుతో పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా రాలింది, లోపల పిల్ల పురుగు కోసం దాచిపెట్టిన ఆకుపచ్చ పురుగులు మూడు. మన తలుపు చెక్కల్లో, స్విచ్చి బోర్డుల్లో కట్టేదే, దానికి ఈ గొట్టం ఇంకా సుఖంగా ఉంది మరి. సాలీడు గూడు అల్లినా అంతే. దారి మూసుకుంటే గ్యాస్ వెనక్కి తన్ని నాబ్‌ల దగ్గర బయటపడి అక్కడే అంటుకుంటుంది.

అందుకని నెల రోజులు వాడకపోతే, మళ్లీ వెలిగించే ముందు బర్నర్లు ఊడదీసి ఆకాశం వైపు పెట్టి గొట్టంలోంచి చూడండి. వెలుతురు కనిపించాలి. సీసాలు కడిగే పొడుగు బ్రష్షు ఒకటి దీనికే కేటాయించండి. పైన మంట రంధ్రాలు మూసుకుంటే సన్నటి పిన్నుతో తీయొచ్చు. కానీ గ్యాస్ వచ్చే ఇత్తడి జెట్‌లో పిన్ను పెట్టకండి, ఆ రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా మంట లెక్క మారిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ జెట్ బర్నరు గొట్టం మూతి లోపలికి దూరిందో లేదో వంగి చూడండి. పక్కకి జారి ఉంటే కుమ్మరి పురుగు చేసిన పని మీరే చేసినట్టు. మంట నీలంగా, చిన్న సవ్వడితో నిలకడగా ఉంటే సరిగా ఉన్నట్టు.

ఊచలు పోత ఇనుమువైతే మీ ఆవిడ దోసెల పెనాన్ని ఎలా చూసుకుంటుందో అలాగే చూసుకోవాలి. కొత్తవి కడిగి, తుడిచి, నూనె పలచగా పూసి, మూత వేసి ముప్పావుగంట కాల్చండి. ఆ పని రెండు మూడుసార్లు చేస్తే నల్లగా నునుపుగా తేలతాయి. వంట అయ్యాక వేడి మీదే గీకి, సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి నూనెలో ముంచి రుద్దితే చాలు. ఇనుప తీగల బ్రష్షు వాడకండి. అందులోంచి ఊడిన ఒక్క తీగ ఊచకి అతుక్కుని, అక్కణ్ణుంచి చికెన్ ముక్కకి, అక్కణ్ణుంచి గొంతులోకి పోయిన కేసులు ఉన్నాయి. కొబ్బరి పీచు ముద్ద దానికంటే నయం. స్టీలు భాగాలకి కూడా ఇనుప పీచు పనికిరాదు. అది వదిలిన ఇనుప రజను మర్నాటికి ఎర్రబడి, మంచి స్టీలుకి తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. మంచినీళ్లతో తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టడమే మన తీరానికి మందు. బ్లీచింగ్, బాత్రూం యాసిడ్ దగ్గరికి కూడా రానీయకండి.

కవరు కప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. కప్పాలి, కానీ పూర్తిగా చల్లారాక, అడుగు తెరిచి. వేడి మీద కప్పి బిగించి కట్టేస్తే లోపల చెమ్మ పట్టి, కవరు లేనిదానికంటే తొందరగా పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల రోజుల్లో ఊచలు, బర్నర్లు విప్పి నూనె రాసి, పాత పేపర్లో చుట్టి ఇంట్లో పెట్టుకోండి. పెట్టె ఎక్కడున్నా ఫరవాలేదు.

కింద కొవ్వు కారే ట్రేని ప్రతిసారీ తీసి ఖాళీ చేయండి. మూడుసార్ల కొవ్వు పేరుకుంటే నాలుగోసారి కనుమ నాడు భోగి మంట చూస్తారు. అంటుకుంటే నీళ్లు పోయకండి, నూనె మంట ఎగజిమ్ముతుంది. గ్యాస్ కట్టేసి, మూత వేసేయండి. ట్రే వరకే మండుతుంటే వంటసోడా చల్లినా ఆరుతుంది.

కొందరు బల్ల ఖర్చు ఎందుకని చీమకుర్తి గ్రానైట్ రాయి ముక్క తెచ్చి దాని మీద పెడతారు. కింద పెట్టుకోవడానికి అంతకంటే మంచి బల్ల లేదు. ఆ రాయినే మంట మీద పెట్టి దాని మీద చేప కాలుద్దామంటే మాత్రం వద్దు. వేడి రాయి మీద చల్లటి ముక్క పడితే పగిలే ప్రమాదముంది.

"బొగ్గుల రుచి రాదు కదా" అని మీ వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కొంత నిజమే. అయితే పొగ రుచిలో పెద్ద వాటా మాంసంలోంచి కారిన కొవ్వు వేడి రేకు మీద పడి లేచే పొగది, అది గ్యాస్ మీదా వస్తుంది. మిగతాది కావాలంటే ఎండిన మామిడి చెక్క ముక్కలు గుప్పెడు, రేకు కాగితంలో పొట్లం కట్టి రెండు చిల్లులు పొడిచి బర్నరు పైన పెట్టండి. అన్నట్టు, మనం తిట్టుకుంటూ నరికేసే చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, అమెరికావాళ్లు బార్బెక్యూకి ప్రాణం పెట్టే మెస్కీట్ జాతి చెట్టే. మన ఊళ్ల చుట్టూ అది ఎంతుందో మీకు చెప్పక్కర్లేదు.

కనుమకి ఏం చేయాలో మీరు అడగలేదు, అయినా చెప్తాను. పది పదిహేను నిమిషాలు మూత వేసి వేడి చేశాకే ఏదైనా పెట్టండి, లేకపోతే అతుక్కుంటుంది. నూనె ఊచలకి కాదు, ముక్కకి రాయండి. రొయ్యలు పొట్టుతోనే వీపు చీరి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. రబ్బరులా అయ్యాయంటే మీరు ఫోను చూస్తూ ఉండిపోయారన్నమాట. వంజరం ముక్క బొటనవేలి మందం ఉండాలి, ఒకేసారి తిప్పాలి. కోడి తొడకి ఎముక దాకా గాట్లు పెట్టి, పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి రాత్రంతా ఉంచండి. ఆరిన వైపు మూత కింద ఉడికించి, చివర్లో మంట మీద రంగు తెప్పించండి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ వచ్చిందో లేదో మీ బావమరిది థర్మామీటరు చెబుతుంది.

ఆ రోజు సిలిండరు బిగించాక, వెలిగించకముందు, ఒక గిన్నెలో సబ్బునీళ్లు నురగ తీసి, చిన్న బ్రష్షుతో పాటు మీ ఆవిడ చేతికివ్వండి. రెగ్యులేటరు మూతి, ట్యూబు రెండు చివర్లు, నాబ్‌ల వెనక, అన్నిచోట్లా ఆవిడే రాసి చూస్తుంది. సిలిండరు తెరిచి, నాబ్‌లు కట్టి ఉన్నప్పుడు ఒక్క బుడగ కూడా ఉబ్బకూడదు. ఉబ్బితే గ్యాస్ కట్టేసి ఆ జాయింటు మళ్లీ బిగించి చూడండి. అయినా ఆగకపోతే ఆ పూట కాల్చడం మానేసి, 1906కి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. రొయ్యలు ఎలాగూ కడిగి ఉంటాయి, కింద వంటింట్లో ఇగురు పెట్టుకోవచ్చు.